విడుపు నడికట్టు

"ఆ ఇంట్లో ఎవరూ లేరు" అని నా తమ్ముడు పెరుమాళ్‌సామి నిండు సభలో చెప్పినప్పుడు నేను అదే సభలో, ఆడవాళ్ల వరుసలో, మూడో కుర్చీలో కూర్చుని ఉన్నాను. చేతిలో కాఫీ గ్లాసు కూడా ఉంది. వాడు నా వైపు చూడకుండా చెప్పాడు. చూసి ఉంటే ఆ మాట వాడి నోట్లోంచి వచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

మదురై దగ్గర మేలూరులో ఒక కల్యాణమండపం అది. వాడి కూతురు అభిరామికి నిశ్చయం. పెళ్లికొడుకుది కోయంబత్తూరు, పంపుసెట్లు చేసే కంపెనీలో ఇంజనీరు. చూడటానికి బాగానే ఉన్నాడు, నేను కాదనను. తాంబూలాలు మార్చుకునే ముందు మా వాళ్లలో పెద్దమనిషి ఒక ప్రశ్న అడగాలి. అడిగే పని కోదండరామన్ మామది. ఎనభై రెండేళ్ల మనిషి. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా అరవై ఏళ్లుగా అదే గొంతుతో అదే ప్రశ్న.

"మేనత్త ఇంటి విడుపు అయిందా?"

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మా వాళ్లలో ఆడపిల్ల మీద మొదటి హక్కు మేనత్త కొడుకుది. దాన్ని మొర అంటాం. పిల్లను బయటి ఇంటికి ఇవ్వాలంటే మేనత్త ఆ మొరను విడవాలి. ఉత్త నోటిమాటతో కాదు. పిల్ల తండ్రి తాంబూలం పట్టుకుని మేనత్త గడప దగ్గరికి వచ్చి అడగాలి. ఆవిడ తన ఇంట్లో, తన చేత్తో నేసిన నడికట్టును పిల్ల నడుముకు కట్టి, నా కొడుకు మొర విడిచాం అని చెప్పాలి. మేనత్త ముత్తైదువా విధవా అని ఈ ఒక్క పనికి మాత్రం ఎవరూ నుదురు చూడరు. ఇప్పుడు నేసేవాళ్లు లేరనుకోండి, చాలామంది మదురై అంగట్లో జరీ నాడా కొనుక్కొచ్చి కట్టేస్తారు. అయినా అడగడం మాత్రం మానలేదు. మేనత్తకు కొడుకు లేకపోతేనే "ఆ ఇంట్లో ఎవరూ లేరు" అంటారు. అక్కడితో ప్రశ్న తీరిపోతుంది.

నాకు కొడుకు లేకపోవడమేంటి? ఉదయకుమార్ అని ఇరవై ఆరేళ్ల కొడుకు. రెండేళ్ల కింద మేలూరు బైపాసు మీద గ్రానైటు రాళ్ల లారీ కింద పడి పోయాడు. అది వేరే విషయం.

మామ తల ఊపాడు. తాంబూలాలు మారాయి. నా పక్కన కూర్చున్నావిడ నా చేతిలో కాఫీ చల్లారిపోయిందని గ్లాసు తీసుకుని వేరేది ఇచ్చింది. భోజనం బాగుంది. కడుపునిండా తిన్నాను, అలిగి తినకుండా వెళ్లిపోయిందని ఎవరూ అనకూడదు కదా.

నాకు కోపం వస్తే గిన్నెలు తోముతాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఉన్న గిన్నెలన్నీ తోమేశాను. ఉన్నవి మూడే. తోమిన వాటినే మళ్లీ తోముతుంటే నాకే నవ్వు వచ్చింది. ఎవరూ లేరట. ఆ మాట చెప్పినవాడికి చిన్నప్పుడు ముక్కు తుడిచింది ఎవరు? వాడి పెళ్లాం కరుప్పాయి పురిటికి వెళ్తే మూడు నెలలు వండి పెట్టింది ఎవరు? సరే, నన్ను వదిలేయండి. నా కొడుకును వాడు లెక్కలోంచి తీసేశాడు, అదీ బాధ. రేషన్ కార్డులో ఉదయకుమార్ పేరు కొట్టేశారు. ఓటరు లిస్టులోంచి తీసేశారు. వాడి ఫోన్ నంబరుకు చేస్తే ఇప్పుడు తిరునెల్వేలిలో ఎవరో ఎత్తుతారు, ఒకసారి చేసి చూశాను. ఈ లోకంలో వాడి పేరు మీద ఇంకా నిలిచి ఉన్నది అభిరామి మీద మొర ఒక్కటే. దాన్ని అడిగి విడిపించుకోవాలి కానీ, లేదని ఎలా అంటారు?

అందుకని నడికట్టు నేయడం మొదలుపెట్టాను. అడగనివాళ్లకు నేయడమేంటని మీరు అనవచ్చు. అది ఆని నెల చివర. తర్వాత వచ్చేది ఆడి, మీ ఆషాఢం లాంటిది. ఆడి నెలలో తాంబూలం పట్టుకుని ఎవరూ ఎవరి గడపకూ వెళ్లరు. పెళ్లేమో ఆ తర్వాతి నెల ఆవణిలో. కాబట్టి ఆడి ముగిసేదాకా తమ్ముడు రాలేదని నేను బాధపడక్కర్లేదు, రాకూడదు కనుకే రావడం లేదని అనుకోవచ్చు. వాడికి బుద్ధి వచ్చి ఆవణి మొదట్లో గడప దగ్గర నిలబడితే, నా చేతిలో నడికట్టు లేకపోతే పరువు ఎవరిది పోతుంది?

మగ్గం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. కిటికీ ఊచ ఒక కొస, నా నడుము ఇంకో కొస, మధ్యలో దారాలు. బోరు వేసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి, నున్నగా చెక్కుకున్న వెదురు పుల్లలు రెండు, దారాన్ని దగ్గరికి కొట్టడానికి చెక్క స్కేలు. పడుగు దారాల్లో ఒకటి విడిచి ఒకటి పైపు మీదుగా పోతాయి. మిగిలిన ఒక్కొక్కదానికీ చిన్న దారపు ఉంగరం వేసి, ఆ ఉంగరాలన్నీ వెదురు పుల్లకు కట్టాలి. పుల్ల ఎత్తితే ఒక వరుస పైకి వస్తుంది. దించి పైపును ముందుకు జరిపితే ఇంకో వరుస. ఆ సందులోంచి పేక దారం అటోసారి, ఇటోసారి. స్కేలుతో ఒక దెబ్బ. వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకు వంగితే వదులవుతాయి. నడుముకు కట్టిన తుండుగుడ్డ విప్పుకోకుండా లేవడానికి లేదు. నేతకు కూర్చున్న మనిషి గుంజకు కట్టేసిన మేకే.

మా అమ్మ నేస్తుండగా చూసి నేర్చుకున్నాను. నాకప్పుడు పంతొమ్మిది, పెరుమాళ్‌సామికి పద్నాలుగు. మా మేనమామ కూతురిని సాత్తూరు వైపు ఇచ్చారు. ఆ పిల్లకు ఇరవై. మీసం కూడా మొలవని మా వాడికి ఆమె మీద మొర! అయినా విడుపు విడుపే, మేనమామ వచ్చి అడిగాడు, అమ్మ నేసి కట్టింది. ఆ రోజు సేమ్యా పాయసం చేశారు. దారాల మధ్య అమ్మ వేళ్లు ఎంత వేగంగా తిరిగేవో కూడా నాకు బాగా గుర్తుంది.

అరవై ఒక్క దారం. అంచులకు నలుపు, మధ్యకు ఎరుపు, ఎరుపులో పసుపు చుక్కలు. నాకు పగలు బడిలో పని. పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతాను. ఎనభై మందికి సాంబారు పెట్టి, ఆ గిన్నెలు కడిగించి, రెండున్నరకు ఇల్లు చేరతాను. ఎనభై మందికి వండే చెయ్యి ఒక్క మనిషికి వండాలంటే మొండికేస్తుంది. పిడికెడు బియ్యం వేస్తే తక్కువవుతుందని భయం, రెండు పిడికెళ్లు వేస్తే మర్నాటికీ అదే అన్నం. మూడు నుంచి ఆరు వరకు మాత్రం పొద్దు కదలదు. టీవీ పెట్టుకుంటాను. ఎవరి అత్తాకోడళ్లో గొడవపడుతుంటారు, వినిపించనంత తగ్గించి చూస్తాను. ఆ మూడు గంటలు నేతకు ఇచ్చాను.

మొదటి మూడు రోజులు నేసింది మొత్తం పాడు. చుక్కలు రావాల్సిన చోట పొడుగ్గా గీత వచ్చింది. ఎక్కడో ఒక పసుపు దారం పక్క వరుసలోకి జారింది. దాన్ని అలాగే వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరు చూడబోతున్నారు? ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మొత్తం విప్పేసి, మళ్లీ ఒక్కొక్క దారమే లెక్కపెట్టి ఎక్కించాను. అరవై ఒకటి సరిగ్గా రావడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

తర్వాత చెయ్యి తిరిగింది. ఆడి గాలికి కిటికీ తలుపు కొట్టుకుంటూ ఉండేది. ఒక రోజు ఫోను మోగింది. అది వంటింటి అరుగు మీద ఉంది. నేను కిటికీకి కట్టేసి ఉన్నాను. తమ్ముడేనేమో, కరుప్పాయి అయినా కావచ్చు అని గబగబా నడుం ముడి విప్పబోతే అది ఇంకా బిగుసుకుంది. చివరికి విప్పుకుని పరుగెత్తి ఎత్తితే, రికార్డు చేసిన ఆడగొంతు నాకు కొత్త రింగ్‌టోను కావాలా అని అడిగింది. ఆ యంత్రాన్ని అరవంలో నాలుగు మాటలు తిట్టాను. తిట్టిన తర్వాత కూడా అది పాపం మర్యాదగానే మాట్లాడింది. కాసేపు విన్నాను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేత నాకు నచ్చింది, నడికట్టు కోసమే కాదు. వెనక్కి వాలి పడుగు బిగించినప్పుడు అవతల ఎవరో పట్టుకున్నట్టు ఉంటుంది. కిటికీయే అని నాకు తెలుసు. అయినా మనం లాగితే అటు నుంచి కూడా కొంచెం లాగుతుంది. రెండేళ్లలో నన్ను అలా ఎవరూ లాగలేదు. ఊళ్లోవాళ్లు నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, వాళ్ల పిల్లల ఊసెత్తకుండా, జ్వరం వచ్చినదానితో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్లిపోతారు. పెళ్లి పిలుపులు ఇస్తారు కానీ తప్పకుండా రమ్మని ఎవరూ గట్టిగా అనరు. ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు, ఉదయకుమార్ తొమ్మిదో తరగతిలో ఉండగానే మా ఆయన పోయాడు. ఇది మాత్రం కొత్త.

నేత సగం దాటాక ఒక చిక్కు వచ్చింది. నడికట్టు పిల్ల నడుముకు సరిపోవాలి, ముడికి ఇంకో జానెడు కావాలి. పద్ధతి ప్రకారం అడగడానికి వచ్చిన రోజే పిల్ల నడుం కొలుస్తారు. నన్ను ఎవరూ అడగలేదాయె. బస్టాండు పక్కన టైలరు ముని దగ్గరికి వెళ్లాను. అభిరామి పెళ్లి జాకెట్లన్నీ వాడే కుడుతున్నాడని తెలుసు.

"ముని, మా అభిరామి నడుం కొలత ఎంత?"

"ఏంటికి అక్కా?"

"నీకేంటికి? చెప్పు."

ముని నోటుబుక్కు తిప్పి, కళ్లజోడు మీంచి నన్ను చూసి, ఇరవై తొమ్మిది అన్నాడు. మిషన్ మళ్లీ తొక్కడం మొదలుపెట్టలేదు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. టైలరు నోట్లో మాట ఎన్ని రోజులు ఆగుతుందో నాకు తెలియక కాదు. తెలిసే అడిగానేమో.

నాలుగు రోజులు ఆగింది. ఆదివారం మధ్యాహ్నం అభిరామి స్కూటీ వేసుకుని వచ్చింది. మదురైలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని దానికి. నేను నేతలో ఉన్నాను. తలుపు తీసే ఉంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కిటికీ నుంచి నా నడుం దాకా సాగిన దారాలను చూసి అక్కడే నిలబడింది.

"నా నడుం కొలత నన్ను అడిగితే చెప్పనా అత్తా? ఊరంతా చుట్టి ముని దగ్గర అడిగితివే."

"నిన్ను అడిగేదానికి నాకేం మొర ఉండాది? ఈ ఇంట్లో ఎవరూ లేరంట కదా."

అది నా పక్కన నేల మీద కూర్చుని, నేసిన మేరకు పట్టీని వేలితో తడిమి చూసింది. నాకు కసి తీరలేదు.

"మీ అప్పా అందరి ముందరా ఆ మాట చెప్పినప్పుడు నువ్వు పట్టుచీర కట్టుకొని ఆడనే కూచోనుండావు."

"ఆమా, నిజమే, కూచోనుండా. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు." అభిరామి పట్టీ మీంచి వేలు తీసేసింది. "అప్పాతో ఇంటికొచ్చి గొడవ పడినా అత్తా. అడగల్ల, పోయి అడుగు అన్నా. వద్దమ్మా, అది అక్క తట్టుకోలేదు అంటాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట."

"తట్టుకునేదానికి ఏముండాది అందులో? నేను నేస్తా, కడతా, మాట చెప్తా. అవ్వళవుదానే? అంతే కదా?"

"నేనూ అదే అన్నా."

నేను స్కేలుతో ఇంకో రెండు దెబ్బలు వేశాను. అభిరామి గోడ వైపు చూస్తూ అంది. "చిన్నప్పటి నుంచి అందరూ బావ, బావ అని ఎగతాళి చేస్తే మేం ఇద్దరం కొట్టుకునేవాళ్లం. నాకు వాడంటే ఇష్టమో కాదో నాకే తెలీదు. వాడికీ తెలిసుండదు. అడిగి తెలుసుకునే లోపల పోయినాడు. ఇప్పుడు వాడు లేనట్టే, ఎప్పుడూ లేనట్టే నేను పోయి ఇంకొకరి పక్కన కూచోల్లనా? నాకు ఒక మాట కావల్ల అత్తా. పోయిరా అని ఈ ఇంట్లోనుంచి ఒక మాట."

నాకు ఏడుపు వచ్చింది, కానీ ఏడిస్తే దారాలు వదులవుతాయి. వెనక్కి వాలి కూర్చున్నాను.

"మీ అప్పాని రమ్మను" అన్నాను. "తాంబూలం పట్టుకొని రావల్ల. మామ కూడా రావల్ల. పద్ధతిగా అడగల్ల. అట్లయితేనే."

అది కాఫీ పెట్టి నాకు ఇచ్చి, తనూ తాగి, గ్లాసులు కడిగి పెట్టి వెళ్లింది. ఆ వారమంతా నేను ఇల్లు అలికినంత పని చేశాను. బూజు దులిపాను. గడపకు పసుపు రాశాను. సేమ్యా, చక్కెర, జీడిపప్పు తెచ్చి పెట్టాను. ఆవణి పుట్టిన మొదటి ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు ఆటో వచ్చి ఆగింది.

ముందు కోదండరామన్ మామ దిగాడు, వెనక అభిరామి స్కూటీ మీద. ఆఖరున పెరుమాళ్‌సామి తాంబూలం తట్ట పట్టుకుని దిగాడు. వాడు బాగా చిక్కిపోయాడు. నెలన్నర కింద సభలో చూసినప్పుడు నాకు వాడి చొక్కా తప్ప మనిషి కనిపించలేదు కాబోలు. కళ్ల కింద నల్లగా ఉంది. గడప బయట నిలబడి లోపలికి రాలేదు. అదే పద్ధతి.

నేను నడుముకు పడుగు కట్టుకుని కూర్చున్నాను. అడిగేదాకా నడికట్టును మగ్గం నుంచి కోయకూడదు.

"అక్కా" అన్నాడు. మామ కర్రతో నేల మీద చిన్నగా తట్టాడు. వాడు మళ్లీ మొదలుపెట్టాడు. "అక్కా. నీ ఇంట్లో పిలగాడు ఉండాడు. వాడికి నా బిడ్డ మీద మొర ఉండాది. బిడ్డకు బయట సంబంధం కుదిరింది. విడస్తావా?"

నలభై రోజులు నేను వినాలనుకున్న మాట అదే. నీ ఇంట్లో పిలగాడు ఉండాడు. నలుగురి ముందు, నా గడపలో నిలబడి, నా తమ్ముడి నోటితో. వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సంతోషం వెనకనే ఇంకో సంగతి తెలిసింది. నేను విడిచాను అనగానే ఆ మొర కూడా పోతుంది. రేషన్ కార్డు వాళ్లు, ఫోను వాళ్లు నన్ను అడక్కుండా కొట్టేశారు. దీన్ని మాత్రం నేనే, నా నోటితోనే కొట్టేయాలి. మామ వేచి ఉన్నాడు. పెరుమాళ్‌సామి తట్ట కింద చేతులు మార్చుకున్నాడు.

అభిరామి నా వైపే చూస్తోంది. దానికి ఒక మాట కావాలి.

"ఈ చిన్నత్తాయి కొడుకు ఉదయకుమార్ మొర విడిచినాం" అన్నాను. గొంతు బాగానే వచ్చింది. "పిల్ల మంచి ఇంటికి పోయి సుఖంగా ఉండనీ."

కత్తెరతో నడికట్టు కోశాను. అభిరామి నా ముందు వచ్చి నిలబడింది. చీర మీదనే నడుం చుట్టూ తిప్పి కట్టాను. నలుపు అంచులు, ఎరుపు, చుక్కలన్నీ వరుస తప్పకుండా ఉన్నాయి. ముని చెప్పిన కొలత సరిగ్గా సరిపోయింది. ముడికి జానెడు మిగిలింది. అది వంగి నా కాళ్లకు దండం పెట్టింది. నేను దాని తల మీద చెయ్యి పెట్టాను. అయిపోయిందని అనుకున్నాను. పాయసం చేయాలని కూడా అనుకున్నాను.

"సరి" అన్నాడు కోదండరామన్ మామ. "ఇప్పుడు పిలగాణ్ణి పిలువు. చెయ్యి చాపమను."

అభిరామి తల ఎత్తి నన్ను చూసింది.

మగ్గం మీద చివరి మూరెడు ఎప్పుడూ నేతకు రాదు. పైపూ పుల్లలూ ఉండే చోటు అది, అక్కడికి పేక పట్టదు. నడికట్టు కోశాక ఆ మూరెడు ఉత్త దారాలుగానే మిగిలిపోతుంది. ఆ దారాలు పిల్లవాడివి. పెద్దమనిషి వాటిని పిల్లవాడి కుడిచేతి మణికట్టుకు చుట్టి కట్టి, నువ్వూ విడుదలే, ఇంకో ఇంట్లో నీకు పిల్ల దొరుకుతుంది పో అని దీవిస్తాడు. అది చేస్తేనే విడుపు పూర్తి. అరవై ఏళ్లుగా చేసిన పని కనుక మామ నోరు దానంతట అదే పలికేసింది. మరి నేనెలా మరిచిపోయాను? నలభై రోజులు అరవై ఒక్క దారాన్ని లెక్కపెట్టిన దాన్ని. అమ్మ కట్టిన రోజు పాయసం గుర్తుంది, వేళ్లు గుర్తున్నాయి, ఇది ఎందుకు గుర్తు లేదు? నిజంగా మరిచానో, గుర్తు రానివ్వలేదో నాకే తెలియదు.

కోసిన దారాల చివరి మూరెడు కిటికీ ఊచ నుంచి వేలాడుతోంది. నేనే లేచి విప్పి చేతిలోకి తీసుకున్నాను.

అప్పటికి మామకు అర్థమైంది. ముఖం పాలిపోయింది. గడప బయట పెరుమాళ్‌సామి తట్ట కింద పెట్టేసి, ద్వారబంధం పట్టుకుని ఏడుస్తున్నాడు. యాభైకి దగ్గర పడిన మగవాడు, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఇందుకే అక్కా నేను రాలేదు" అన్నాడు. "నీకు జ్ఞాపకం లేదు, నాకు ఉండాది. ఆ పొద్దు చెయ్యి చాపింది నేనే కదా. ఇది వస్తుందని నాకు తెలుసు. నిన్ను యాడ నిలబెట్టి ఈ మాట వినిపించేది? అందరి ముందరా ఎవరూ లేరు అని ఒక్క మాట అనేస్తే, నన్ను తిట్టుకొని అంతటితో ఊరుకుంటావు అనుకున్నా."

వాణ్ణి నేను నలభై రోజులు తిట్టాను. వాడు ఆ తిట్లు తినడానికే నిలబడ్డాడు.

కోపం ఒక్కసారిగా పోయింది. పోయాక నాకు ఆసరాగా ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్లూ అదే నన్ను నిలబెట్టింది కదా. మామ వైపు తిరిగాను. ఆయన అడిగిన దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. రెండేళ్లుగా పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ కాఫీ ఇచ్చాను, కుర్చీ వేశాను, కానీ ఆ మాట మాత్రం ఎవరి ముందూ నా నోటితో అనలేదు. వాళ్లే అనేవాళ్లు, నేను వినేదాన్ని.

"వాడు రాడు మామా" అన్నాను. "చచ్చిపోయినాడు."

"ఆమా తల్లీ" అన్నాడు మామ, మెల్లగా. "ఆమా."

అభిరామి నన్ను పట్టుకుంది. పెరుమాళ్‌సామి గడప దాటి లోపలికి వచ్చాడు. పాయసం నేను చేయలేదు, అదే చేసింది. అందరం తలా కొంచెం తిన్నాం. మామ వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. ఈ పెళ్లి అయ్యేదాకా అక్క మన ఇంట్లోనే ఉంటుంది అని తమ్ముడు కూతురికి చెప్పి, నన్ను అడక్కుండానే నా సంచీ తీసుకుని వెళ్లి ఆటో ఎక్కాడు. నేను వద్దనలేదు. "అత్తా, తలుపు వేసి రా, నేను బండి తిప్పుతా" అని అభిరామి బయటికి వెళ్లింది.

అప్పుడు చూసుకున్నాను, దారాలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. పాయసం కూడా ఎడమచేత్తోనే తిన్నానేమో. ఎవరూ వాటిని అడిగి తీసుకోలేదు. అవి వాడివి, వాడి వస్తువుల్లో పెట్టి వెళదామని అనుకున్నాను. లోపలి గదిలోకి వెళ్లాను. వాడి బట్టలు ముప్పయ్యో రోజునే పంచేశారు. పెట్టె తమ్ముడి అటక మీద ఉంది. మంచం నేనే ఎవరికో ఇచ్చేశాను, చూడలేక. బండి పోలీసు స్టేషన్ నుంచే పాత ఇనుముకు పోయింది. అలమారలో వాడి అర నిండా ఇప్పుడు బడి లెక్కల పుస్తకాలు, నా చీరలు. తలుపు వెనక కొక్కెం చూశాను. దానికి నా గొడుగు వేలాడుతోంది. వంటింట్లో చూశాను. ఉన్న మూడు గిన్నెలూ నావే. ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. నేనే నా చేతులతో, రెండేళ్లలో, వాడికంటూ ఒక్క చోటు మిగలకుండా సర్దేశాను.

బయట అభిరామి హారన్ కొట్టింది. తలుపు వేసి, పిడికిలి విప్పకుండానే వెళ్లి బండి ఎక్కాను.